పెంపుడు జంతువులలో మగ జననేంద్రియ వ్యాధులు

ఆబోతు, దున్నపోతు, పొట్టేలు, మేకపోతు, గుర్రం, పంది, కుక్క మొదలైన పెంపుడు జంతువులలో మగవాటి జననేంద్రియాలకు సోకే వ్యాధులను, వాటికి పుట్టుకతో వచ్చే లోపాలను, తగిలే గాయాలను కలిపి మగ జననేంద్రియ వ్యాధులు అంటారు. వృషణాలు, ఎపిడిడైమిస్, శుక్రవాహికలు, అనుబంధ గ్రంధులు, మేహనం, దానిని కప్పి ఉండే చర్మపు తొడుగు ఈ వ్యాధులకు గురి అవుతాయి. వీటిలో చాలా వ్యాధులు పైకి కనిపించవు. పశువు మేత మేస్తూ, బలంగా, ఆరోగ్యంగా ఉన్నట్లే ఉంటుంది. కానీ దానితో దాటించిన ఆవులు, గేదెలు చూలు కట్టవు, లేదా కట్టిన చూలు నిలవదు. ఒక మగ పశువు అనేక ఆడ పశువులకు ఉపయోగపడుతుంది కనుక దానిలోని లోపం ఒక ఇంటితో ఆగదు, మొత్తం ఊరి మందకు నష్టం కలిగిస్తుంది.

గోదావరి డెల్టా వంటి పాడి ప్రాంతాలలో ఈ విషయానికి ప్రత్యేక ప్రాముఖ్యత ఉన్నది. ఈ వ్యాసంలో సాధారణ వివరాలతో పాటు తూర్పు గోదావరి జిల్లాలోని కడియం పరిసరాల వ్యవసాయ పరిస్థితులకు సంబంధించిన అంశాలు కూడా వివరించబడినవి.

గోదావరి డెల్టాలో మగ పశువు స్థానం

కడియం రాజమహేంద్రవరానికి దక్షిణాన, సామర్లకోట వైపు వెళ్ళే రైలు మార్గంపై ఉన్న మండల కేంద్రం. ఈ మండలంలోని కడియపులంక పూల మొక్కల నర్సరీలకు ప్రసిద్ధి చెందినది. 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట నుండి వచ్చే కాలువ నీటితో ఈ ప్రాంతం మాగాణిగా మారినది. వరి ప్రధాన పంట కావడం వలన పశువులకు వరిగడ్డి, తవుడు, చిట్టు ముఖ్యమైన ఆహారం. కోతల తరువాత పొలాలలో పచ్చిమేత కొరకు పిల్లిపెసర, జనుము చల్లడం డెల్టా రైతుల అలవాటు. స్థానిక గేదెలను ముర్రా జాతి దున్నలతో సంకరపరచడం వలన ఏర్పడిన గేదెలను గోదావరి గేదెలు అంటారు.

పూర్వం ప్రతి ఊరిలో ఒకటి రెండు ఆబోతులు స్వేచ్ఛగా తిరుగుతూ ఉండేవి. చనిపోయినవారి పేరున కోడెదూడకు అచ్చువేసి వదలడం ఒక ఆచారం. దీనిని వృషోత్సర్జనం అంటారు. "అచ్చోసిన ఆబోతు" అనే నానుడి దీని నుండి పుట్టినదే. అటువంటి ఆబోతు ఎవరి సొత్తూ కాదు. దానిని ఎవరూ కట్టరు, ఎవరూ పరీక్షించరు. ఊరిలోని ఆవులన్నీ దానితోనే చూలు కట్టేవి. గేదెల విషయంలో కొందరు రైతులు దున్నపోతును పెంచి, దాటించినందుకు రుసుము తీసుకుంటారు.

ట్రాక్టర్లు, యంత్రాలు వచ్చిన తరువాత మగ పశువుల అవసరం తగ్గినది. 2019లో జరిగిన 20వ పశుగణన ప్రకారం దేశంలో మగ గోజాతి పశువుల సంఖ్య 2012తో పోల్చితే సుమారు 30 శాతం తగ్గినది. మగ పశువులు తగ్గిన ఊరిలో మిగిలిన ఒకటి రెండింటిపై భారం పెరుగుతుంది. వాటిలో ఒకదానికి వ్యాధి ఉంటే నష్టం కూడా అంతే పెరుగుతుంది.

గేదె చూలు కట్టకుండా మళ్ళీ మళ్ళీ ఎదకు రావడాన్ని తిరిగి పొర్లడం అంటారు. ఇలా జరిగినప్పుడు సాధారణంగా గేదెనే తప్పుపడతారు. దానికి మందులు వాడి, ఫలితం లేకపోతే సంతలో తక్కువ ధరకు అమ్మివేస్తారు. గేదె ఒకసారి తిరిగి పొర్లితే సుమారు 21 రోజులు వృధా అవుతాయి. అన్ని రోజులు పాలు లేకుండానే మేపవలసి వస్తుంది. ఒకే దున్నతో దాటించిన గేదెలు అనేకం పొర్లుతూ ఉంటే మొదట పరీక్షించవలసినది ఆ దున్నను.

నిర్మాణం, పనితీరు

వృషణాలు వీర్యకణాలను, టెస్టోస్టిరాన్ అనే హార్మోనును తయారు చేస్తాయి. ఇవి పొట్టలో కాక బయట వృషణకోశం అనే సంచిలో వేలాడుతూ ఉంటాయి. వీర్యకణాలు సరిగా తయారు కావాలంటే వృషణాల ఉష్ణోగ్రత శరీర ఉష్ణోగ్రత కన్నా 2 నుండి 6 డిగ్రీల సెల్సియస్ తక్కువ ఉండాలి. వృషణకోశపు చర్మం, దానిలోని కండరాలు, మెలికలు తిరిగిన రక్తనాళాలు ఈ చల్లదనాన్ని కాపాడతాయి. చలిలో సంచి ముడుచుకుని పైకి వెళ్ళడం, ఎండలో జారి వేలాడడం ఇందుకే.

వృషణంలో తయారైన వీర్యకణాలు ఎపిడిడైమిస్ అనే పొడవైన మెలికల నాళంలో పక్వమై నిల్వ ఉంటాయి. అక్కడి నుండి శుక్రవాహిక ద్వారా మూత్రనాళంలోకి చేరతాయి. శుక్రాశయాలు, పౌరుష గ్రంధి, కౌపర్ గ్రంధులు స్రవించే ద్రవాలు వీటితో కలిసి వీర్యం అవుతుంది. కుక్కలో పౌరుష గ్రంధి మాత్రమే చెప్పుకోదగిన అనుబంధ గ్రంధి. ఆబోతు, దున్నపోతు, పొట్టేలు, మేకపోతు, పందులలో మేహనం లోపల "ఎస్" అక్షరం ఆకారంలో వంపు తిరిగి ఉంటుంది. గుర్రం, కుక్కలలో ఈ వంపు ఉండదు.

ఒక వీర్యకణం తయారు కావడానికి ఆబోతులో సుమారు 61 రోజులు, దున్నపోతులో సుమారు 38 రోజులు పడుతుంది. ఆ తరువాత ఎపిడిడైమిస్‌ను దాటడానికి మరికొన్ని రోజులు కావాలి. అందువలన నేడు తగిలిన దెబ్బ, నేడు వచ్చిన జ్వరం ప్రభావం వీర్యంలో కొన్ని వారాల తరువాత కనిపిస్తుంది. వ్యాధి తగ్గిన తరువాత వీర్యం బాగుపడడానికి కూడా అంతే కాలం పడుతుంది. ఈ విషయం తెలియకపోవడం వలన చాలా మంది అసలు కారణాన్ని గుర్తించలేరు.

పుట్టుకతో వచ్చే లోపాలు

వృషణం కిందికి దిగకపోవడం: గర్భంలో ఉన్నప్పుడు వృషణాలు మూత్రపిండాల దగ్గర ఏర్పడి క్రమంగా వృషణకోశంలోకి దిగుతాయి. ఒకటి గాని రెండు గాని లోపలే ఉండిపోతే ఈ లోపం ఏర్పడుతుంది. ఇది గుర్రాలు, పందులు, కుక్కలలో ఎక్కువ. లోపల ఉన్న వృషణం శరీరపు వేడి వలన వీర్యకణాలను తయారు చేయలేదు, కానీ హార్మోనును తయారు చేస్తుంది. అందువలన అటువంటి జంతువుకు దాటే కోరిక ఉంటుంది. ఒక వృషణం దిగినది పిల్లలను కనగలదు గాని, ఈ లోపం సంతానానికి సంక్రమిస్తుంది కనుక దానిని సంపర్కానికి వాడరాదు. కుక్కలలో లోపల ఉండిపోయిన వృషణంలో కంతి ఏర్పడే ప్రమాదం ఎక్కువ.

వృషణాలు ఎదగకపోవడం: వృషణాలు చిన్నవిగా, గట్టిగా లేక మెత్తగా ఉంటాయి. పశువు చూడడానికి బలంగా ఉంటుంది, చురుకుగా దాటుతుంది, కానీ వీర్యం నీళ్ళవలె పలుచగా ఉంటుంది. స్వీడన్ దేశపు హైలాండ్ జాతి పశువులలో ఇది వంశపారంపర్యంగా వచ్చే లోపమని గుర్తించారు. విదేశీ జాతుల కోడెలకు 15 నెలల వయసులో వృషణకోశపు చుట్టుకొలత కనీసం 30 సెంటీమీటర్లు ఉండాలని ఒక ప్రమాణం ఉన్నది. మన దేశపు జాతులు, గేదెలు ఆలస్యంగా ఎదుగుతాయి కనుక వాటికి ఈ కొలతను అదే వయసులో వర్తింపజేయరాదు.

గజ్జలలో వరిబీజం: పేగు భాగం వృషణకోశంలోకి జారడం పందులలో, గుర్రాలలో కనిపిస్తుంది. పేగు బిగుసుకుంటే వెంటనే శస్త్రచికిత్స చేయవలసి ఉంటుంది.

డెల్టా ప్రాంతంలో మనుషులకు బోదకాలు వ్యాధి వలన వృషణకోశం వాయడం అందరికీ తెలిసినదే. రాజమహేంద్రవరంలో ఈ వ్యాధిపై పరిశోధన, శిక్షణ కేంద్రం కూడా ఉన్నది. అందువలన పశువులలో వాపును కూడా అదే వ్యాధి అని కొందరు భావిస్తారు. కానీ మనుషుల బోదకాలుకు కారణమైన ఉకరేరియా బాంక్రాఫ్టి పురుగు పశువులలో పెరగదు. పశువులలో ఈ వాపుకు దెబ్బ, చీము, బ్రూసెల్లా, పేగు జారడం వంటి వేరే కారణాలు ఉంటాయి.

వృషణాల వ్యాధులు

వృషణ శోథ: వృషణం వాచి, వేడిగా, నొప్పిగా ఉంటుంది. పశువు వెనుక కాళ్ళు ఎడంగా పెట్టి నడుస్తుంది, దాటడానికి ఇష్టపడదు. దెబ్బ తగలడం, కుమ్ముకోవడం, బ్రూసెల్లా, క్షయ, చీము కలిగించే బాక్టీరియాలు దీనికి కారణాలు. తరచుగా ఒక వైపే వాస్తుంది. అయితే వాచిన వృషణపు వేడి వలన రెండవది కూడా పాడవుతుంది. తీవ్రత తగ్గిన తరువాత వృషణం చిన్నదై గట్టిపడవచ్చును.

ముద్ద చర్మ వ్యాధి (లంపీ స్కిన్) మన దేశంలో మొదటిసారి 2019లో ఒడిషాలో గుర్తించబడినది. ఈ వ్యాధి సోకిన ఆబోతులలో వృషణ శోథ రావచ్చును. వ్యాధి వైరస్ వీర్యంలో కూడా విడుదల అవుతుంది. గాలికుంటు వ్యాధి వంటి తీవ్ర జ్వరాల తరువాత కూడా కొంత కాలం వీర్యం నాణ్యత పడిపోతుంది.

వృషణ క్షీణత: మంచిగా పనిచేస్తూ ఉన్న వృషణం క్రమంగా పాడవడాన్ని క్షీణత అంటారు. ఆబోతులు, దున్నపోతులు తమ జీవితంలో సంతానోత్పత్తి శక్తిని కోల్పోవడానికి ఇది చాలా సాధారణ కారణం. అధిక వేడి, దీర్ఘకాల జ్వరం, విష పదార్థాలు, పోషకాహార లోపం, వృద్ధాప్యం దీనికి దారి తీస్తాయి.

గోదావరి డెల్టాలో వేసవి వేడికి తోడు గాలిలో తేమ ఎక్కువ. గేదె జాతికి చెమట గ్రంధులు తక్కువ, చర్మం నలుపు. కనుక రోహిణి కార్తెలో నీటిలో మునగలేని దున్నపోతు చాలా బాధపడుతుంది. వేసవిలో కాలువలకు నీరు కట్టివేసిన రోజులలో ఈ ఇబ్బంది మరింత పెరుగుతుంది. మే నెలలో తగిలిన వేడి ప్రభావం జూన్, జూలై నెలల వీర్యంలో కనిపిస్తుంది. గేదెలు ఎక్కువగా వర్షాకాలం చివర నుండి చలికాలం వరకు ఎదకు వస్తాయి. ఆ సమయానికి దున్న సిద్ధంగా ఉండాలంటే వేసవిలోనే దానిని నీడలో కట్టి, రోజుకు రెండు మూడు సార్లు నీళ్ళతో తడపాలి. వేడి తగ్గిన తరువాత క్షీణత సాధారణంగా నయమవుతుంది.

కంతులు: వృషణపు కంతులు ముసలి కుక్కలలో ఎక్కువ. వీటిలో సెర్టోలి కణాల కంతి స్త్రీ హార్మోనులను విడుదల చేయడం వలన మగ కుక్కకు చన్నులు పెరగడం, రెండు వైపులా సమానంగా వెంట్రుకలు రాలడం జరుగుతుంది. వృషణాలు తొలగించడమే చికిత్స.

ఎపిడిడైమిస్, అనుబంధ గ్రంధుల వ్యాధులు

పొట్టేళ్ళలో ఎపిడిడైమిస్ వాచి గట్టిపడే అంటువ్యాధికి బ్రూసెల్లా ఓవిస్ అనే బాక్టీరియా కారణం. దీనిని 1950 దశకం మొదట్లో న్యూజిలాండ్, ఆస్ట్రేలియాలలో గుర్తించారు. ఎపిడిడైమిస్ తోక భాగం గట్టి ముద్దవలె చేతికి తగులుతుంది. నాళం పూడుకుపోవడం వలన వీర్యకణాలు బయటకు రాలేవు.

శుక్రాశయ శోథ కోడె వయసు ఆబోతులలో కనిపిస్తుంది. పైకి ఏ లక్షణమూ ఉండదు. వీర్యంలో చీము కణాలు కనిపించడం, పురీషనాళం ద్వారా చేయి పెట్టి పరీక్షించినప్పుడు గ్రంధి పెద్దదిగా తగలడం దీనికి గుర్తులు.

కుక్కలలో వయసు పెరిగేకొద్దీ పౌరుష గ్రంధి పెరగడం సర్వసాధారణం. మనుషులలో ఇది మూత్రానికి అడ్డుపడుతుంది. కుక్కలలో మాత్రం పురీషనాళాన్ని నొక్కడం వలన మలవిసర్జన కష్టమవుతుంది, మేహనం నుండి రక్తపు చుక్కలు పడతాయి. వృషణాలు తొలగిస్తే గ్రంధి కొన్ని వారాలలో కుంచించుకుపోతుంది.

మేహనం, తొడుగు వ్యాధులు

మూపురం గల భారతీయ జాతుల ఆబోతులలో తొడుగు కిందికి వేలాడుతూ ఉంటుంది. ఇటువంటి తొడుగు ముళ్ళకు, మోళ్ళకు గీసుకుని గాయపడుతుంది. లోపలి పొర బయటకు జారి, వాచి, మళ్ళీ లోపలికి పోలేని స్థితి ఏర్పడుతుంది. గాయంపై ఈగలు వాలితే పురుగులు పడతాయి.

- తొడుగు రంధ్రం ఇరుకై మేహనం బయటకు రాలేకపోవడం దాటడానికి అడ్డు అవుతుంది.
- బయటకు వచ్చిన మేహనం లోపలికి పోలేకపోతే అది వాచి, ఎండిపోయి, కుళ్ళిపోవచ్చును. ఇది అత్యవసర స్థితి. వెంటనే శుభ్రపరచి, చల్లని నీటితో తడిపి, వైద్యుని పిలిపించాలి.
- దాటే సమయంలో ఆడ పశువు కదిలి మేహనం వంగితే లోపలి గట్టి పొర చిట్లి రక్తం గడ్డకడుతుంది. వృషణకోశానికి ముందు భాగంలో హఠాత్తుగా వాపు కనిపిస్తుంది. ఆబోతుకు కనీసం రెండు నెలలు విశ్రాంతి ఇవ్వాలి.
- కోడె వయసు ఆబోతుల మేహనంపై వైరస్ వలన పులిపిరులు వస్తాయి. ఇవి దాటే సమయంలో రక్తం కారుతాయి.
- మాంసకృత్తులు మరీ ఎక్కువ గల మేత తినే పొట్టేళ్ళు, మేకపోతులలో మూత్రంలో యూరియా పెరుగుతుంది. కోరినీబాక్టీరియం జాతి బాక్టీరియా దానిని అమ్మోనియాగా మార్చడం వలన తొడుగు చివర పుండ్లు పడతాయి.

మూత్రనాళంలో రాళ్ళు

ఇది మూత్రవ్యవస్థకు చెందిన వ్యాధి అయినప్పటికీ మగ పశువులలో మూత్రానికి, వీర్యానికి మార్గం ఒకటే కనుక ఇక్కడ పేర్కొనబడుతుంది. వరి పండించే ప్రాంతాలలో దున్నదూడలు, కోడెదూడలు, మేకపోతులు దీనికి ఎక్కువగా గురి అవుతాయి. తవుడులో భాస్వరం ఎక్కువ, కాల్షియం తక్కువ. వరిగడ్డిలో సిలికా ఎక్కువ. పచ్చిమేత లేకుండా వీటినే పెట్టి, తాగడానికి నీరు తక్కువ ఇస్తే మూత్రంలో ఇసుకవంటి రాళ్ళు ఏర్పడతాయి. ఆడ పశువులలో మూత్రనాళం పొట్టిగా, వెడల్పుగా ఉండడం వలన ఇవి బయటకు పోతాయి. మగ పశువులలో "ఎస్" ఆకారపు వంపు దగ్గర, మేకపోతులలో మేహనం చివర ఉండే సన్నని తీగవంటి భాగంలో ఇరుక్కుంటాయి. మరీ చిన్న వయసులో విత్తులు కొట్టిన పశువులలో మూత్రనాళం పూర్తిగా ఎదగకపోవడం వలన ప్రమాదం ఎక్కువ.

పశువు మాటిమాటికీ తోక ఎత్తి ముక్కడం, చుక్కలు చుక్కలుగా మూత్రం రావడం, పొట్టను కాళ్ళతో తన్నుకోవడం మొదటి లక్షణాలు. మూత్రాశయం పగిలితే నొప్పి తగ్గి పశువు తేరుకున్నట్లు కనిపిస్తుంది. కానీ పొట్ట నీటితో ఉబ్బి కొద్ది రోజులలో మరణిస్తుంది. మూత్రం ఆగిన మొదటి రోజునే పశువైద్యుని వద్దకు తీసుకువెళ్ళాలి. మూత్రాశయంలోకి గొట్టం అమర్చే శస్త్రచికిత్సతో అనేక దూడలను బతికించవచ్చును. పిల్లిపెసర, జనుము వంటి పప్పుజాతి పచ్చిమేత కాల్షియం లోటును పూరిస్తుంది. పుష్కలంగా నీరు, రోజూ కొద్దిగా ఉప్పు ఇవ్వడం కూడా మంచిది.

సంపర్కం ద్వారా వ్యాపించే వ్యాధులు

బ్రూసెల్లోసిస్: దీనిని ఈసుకుపోయే వ్యాధి అంటారు. 1887లో డేవిడ్ బ్రూస్ మాల్టా ద్వీపంలో జ్వరంతో మరణించిన సైనికుల నుండి ఈ వర్గపు బాక్టీరియాను వేరుచేశాడు. 1897లో డెన్మార్క్ పశువైద్యుడు బెర్నార్డ్ బాంగ్ ఆవులలో గర్భస్రావానికి కారణమైన బ్రూసెల్లా అబార్టస్‌ను కనుగొన్నాడు. ఆడ పశువులలో చూడి చివరి నెలలలో ఈసుకుపోవడం, మాయ పడకపోవడం ముఖ్య లక్షణాలు. మగ పశువులలో వృషణాలు, ఎపిడిడైమిస్, శుక్రాశయాలలో ఈ క్రిములు స్థిరపడతాయి. కీళ్ళ వాపులు కూడా కనిపించవచ్చును. ఈ వ్యాధి ముఖ్యంగా ఈసుకుపోయిన పిండం, మాయ, స్రావాలు కలిసిన మేత, నీటి ద్వారా వ్యాపిస్తుంది. సహజ సంపర్కం ద్వారా వ్యాపించడం తక్కువ. కానీ వ్యాధిగల ఆబోతు వీర్యాన్ని కృత్రిమ పద్ధతిలో నేరుగా గర్భాశయంలో వేస్తే వ్యాధి తప్పక వ్యాపించే ప్రమాదం ఉన్నది.

ట్రైకోమోనియాసిస్: ట్రైట్రైకోమోనాస్ ఫీటస్ అనే ఏకకణ జీవి వలన వస్తుంది. ఇది ఆబోతు తొడుగు లోపలి మడతలలో నివసిస్తుంది. వయసు పెరిగేకొద్దీ మడతలు లోతవుతాయి కనుక ముదురు ఆబోతులలో ఇది జీవితాంతం ఉండిపోతుంది. ఆబోతుకు నొప్పి గాని, వీర్యంలో లోపం గాని ఉండదు. ఆవులు మాత్రం తొలి నెలలలోనే పిండాన్ని కోల్పోయి ఆలస్యంగా ఎదకు వస్తాయి. కొన్నింటి గర్భాశయంలో చీము చేరుతుంది. కొన్ని నెలలు సంపర్కం లేకుండా ఉంచితే ఆవులు చాలావరకు కోలుకుంటాయి, ఆబోతు కోలుకోదు.

కాంపిలోబాక్టీరియోసిస్: కాంపిలోబాక్టర్ ఫీటస్ అనే బాక్టీరియా కూడా తొడుగు మడతలలోనే ఉంటూ అదే విధంగా వ్యాపిస్తుంది. ఆవులు క్రమం తప్పి పొర్లడం దీని ముఖ్య గుర్తు.

ఐ.బి.ఆర్: ఆవుల హెర్పిస్ వైరస్ వలన వస్తుంది. మేహనం, తొడుగులపై చిన్న పొక్కులు, పుండ్లు ఏర్పడి రెండు వారాలలో మానుతాయి. కానీ వైరస్ నరాల కణుపులలో దాగి ఉండి, పశువు అలసినప్పుడు మళ్ళీ బయటపడి వీర్యంలో చేరుతుంది.

దౌరిన్: గుర్రాలు, గాడిదలలో ట్రిపనోసోమా ఈక్విపెర్డం వలన వస్తుంది. జననాంగాల వాపు, చర్మంపై నాణేలవంటి దద్దుర్లు, చివరకు పక్షవాతం దీని లక్షణాలు.

కుక్కల అంటుకంతి: వీధి కుక్కలలో తరచుగా కనిపించే వ్యాధి. మేహనంపై కాలీఫ్లవర్ ఆకారంలో ఎర్రని కంతి పెరిగి రక్తం కారుతుంది. ఇక్కడ ఒక కుక్క నుండి మరొక కుక్కకు అంటేది క్రిమి కాదు, కంతి కణాలే. వేల సంవత్సరాల క్రితం ఒకే ఒక కుక్కలో పుట్టిన కణాలు నేటికీ ప్రపంచమంతటా ఇలా సంక్రమిస్తున్నాయి. 1876లో రష్యా పశువైద్యుడు నోవిన్‌స్కీ ఈ కంతిని ఒక కుక్క నుండి మరొక దానికి మార్చి చూపాడు. విన్‌క్రిస్టిన్ అనే మందును వారానికి ఒకసారి చొప్పున కొన్ని వారాలు ఇస్తే చాలా కుక్కలలో పూర్తిగా నయమవుతుంది.

వ్యాధి నిర్ధారణ

మగ పశువు సంతానోత్పత్తి సామర్థ్యాన్ని క్రింది క్రమంలో పరీక్షిస్తారు.

- చరిత్ర: ఎన్ని ఆడ పశువులకు దాటించారు, ఎన్ని కట్టాయి, ఎన్ని ఈసుకుపోయాయి అనే వివరాలు. ఒక నోటుపుస్తకంలో తేదీలు రాసుకునే రైతు వైద్యునికి సగం పని తగ్గిస్తాడు.
- శారీరక పరీక్ష: కళ్ళు, కాళ్ళు, గిట్టలు కూడా చూడాలి. వెనుక కాలు నొప్పి గల ఆబోతు వృషణాలు బాగున్నా దాటలేదు.
- జననాంగాల పరీక్ష: వృషణాలను చేతితో తడిమి పరిమాణం, మెత్తదనం, సమానత్వం చూస్తారు. చుట్టుకొలత టేపుతో కొలుస్తారు.
- వీర్య పరీక్ష: పరిమాణం, రంగు, కణాల సంఖ్య, కదలిక, ఆకార లోపాలు సూక్ష్మదర్శినితో చూస్తారు. ఒక్క పరీక్షతో నిర్ణయించక రెండు నెలల తరువాత మళ్ళీ చూడడం మంచిది.
- ప్రయోగశాల పరీక్షలు: బ్రూసెల్లాకు రోజ్ బెంగాల్ పరీక్ష, ఎలీసా. ట్రైకోమోనాస్, కాంపిలోబాక్టర్‌లకు తొడుగును కడిగిన ద్రవాన్ని పరీక్షిస్తారు.

చికిత్స

గాయాలు, వాపులకు విశ్రాంతి, చల్లని నీటి కాపడం, నొప్పి తగ్గించే మందులు, అవసరమైతే యాంటీబయోటిక్స్ ఇస్తారు. ఒక వృషణం పూర్తిగా పాడైతే దానిని తొలగించి రెండవదానిని కాపాడవచ్చును. వంశపారంపర్య లోపాలకు చికిత్స చేసి సంపర్కానికి వాడడం మంచి పద్ధతి కాదు. బ్రూసెల్లా ఉన్నదని తేలిన మగ పశువుకు చికిత్స ఫలితం ఇవ్వదు కనుక దానిని మందలో ఉంచరాదు. ట్రైకోమోనియాసిస్ గల ఆబోతు విషయంలో కూడా సాధారణంగా ఇదే పద్ధతి పాటిస్తారు.

సంపర్కానికి పనికిరాని మగ పశువులకు విత్తులు కొట్టిస్తారు. పూర్వం రాళ్ళతో, కర్రలతో నలగగొట్టేవారు. దీని వలన పశువు విపరీతమైన బాధ పడేది, ధనుర్వాతం, చీము వచ్చేవి. బర్డిజో అనే పట్టకారుతో చర్మం తెగకుండా లోపలి రక్తనాళాలను నొక్కివేయడం సురక్షితమైన పద్ధతి. దీనిని మత్తు ఇచ్చి పశువైద్యుని చేత చేయించాలి. ఈ ప్రక్రియ జరిగిన తరువాత కూడా ఎపిడిడైమిస్‌లో మిగిలిన వీర్యకణాల వలన పశువు కొన్ని వారాల వరకు చూలు కలిగించగలదు.

నివారణ

కృత్రిమ గర్భధారణ: పరీక్షించిన ఆబోతు వీర్యాన్ని వాడడం ఈ వ్యాధుల నివారణకు ముఖ్యమైన మార్గం. యూరప్ దేశాలలో ఈ పద్ధతి త్వరగా వ్యాపించడానికి ట్రైకోమోనియాసిస్ వంటి వ్యాధుల భయం కూడా ఒక కారణం. మన దేశంలో 1939లో మైసూరులో ఇది మొదలైనది. 1949లో గ్లిసరాల్‌తో వీర్యాన్ని గడ్డకట్టించే పద్ధతి కనుగొన్న తరువాత, మైనస్ 196 డిగ్రీల ద్రవ నత్రజనిలో వీర్యాన్ని సంవత్సరాల తరబడి నిల్వ చేయడం సాధ్యమైనది. ఆంధ్రప్రదేశ్‌లో విశాఖపట్నం, నంద్యాలలోను, తెలంగాణలో కరీంనగర్‌లోను ఘనీకృత వీర్య కేంద్రాలు ఏర్పడినవి.

ఈ పద్ధతిలో ఒక ఆబోతు నుండి సంవత్సరానికి వేల మోతాదులు తయారవుతాయి. కనుక ఆ ఆబోతుకు వ్యాధి ఉంటే అది ఒక ఊరికి కాక అనేక జిల్లాలకు చేరుతుంది. ఇందుకే వీర్య కేంద్రాలలోని పశువులను బ్రూసెల్లోసిస్, క్షయ, జోనీ వ్యాధి, ట్రైకోమోనియాసిస్, కాంపిలోబాక్టీరియోసిస్ మొదలైన వాటికి క్రమం తప్పక పరీక్షిస్తారు. కొత్తగా తెచ్చిన పశువును మందలో కలపకుండా విడిగా ఉంచి పరీక్షించిన తరువాతనే చేర్చుకుంటారు. ఊరిలో దున్నపోతును కొనే రైతు కూడా ఇదే నియమం పాటించవచ్చును.

టీకాలు: 2019 సెప్టెంబరులో ప్రారంభమైన జాతీయ పశు వ్యాధి నియంత్రణ కార్యక్రమంలో గాలికుంటు వ్యాధితో పాటు బ్రూసెల్లోసిస్‌కు కూడా టీకాలు వేయడం చేపట్టారు. బ్రూసెల్లా టీకాను 4 నుండి 8 నెలల వయసు గల పెయ్యదూడలకు, ఆడ గేదెదూడలకు మాత్రమే వేస్తారు. ఇందులో వాడే ఎస్-19 అనే బ్రతికి ఉన్న బలహీన క్రిమి మగ దూడల వృషణాలలో స్థిరపడి శోథ కలిగించవచ్చును. కనుక మగ దూడలకు ఈ టీకా వేయించరాదు. టీకా లేని మగ పశువుకు రక్త పరీక్ష ఒక్కటే రక్షణ.

మానవ ఆరోగ్యం

బ్రూసెల్లోసిస్ పశువుల నుండి మనుషులకు సంక్రమిస్తుంది. వచ్చి పోయే జ్వరం, రాత్రి చెమటలు, నడుము, కీళ్ళ నొప్పులు దీని లక్షణాలు. పురుషులలో వృషణాల వాపు కూడా వస్తుంది. మలేరియా, టైఫాయిడ్‌లుగా పొరబడడం వలన చికిత్స ఆలస్యం అవుతుంది. జ్వరంతో వెళ్ళినప్పుడు ఇంట్లో పశువులు ఉన్నాయని, అవి ఈసుకుపోయాయని వైద్యునికి చెప్పడం అవసరం. సాధారణంగా ఆరు వారాల పాటు మందులు వాడవలసి ఉంటుంది.

పశువులు ఈనేటప్పుడు, ఈసుకుపోయినప్పుడు, మాయ తీసేటప్పుడు చేతులకు తొడుగులు వేసుకోవాలి. ఈసుకుపోయిన పిండాన్ని, మాయను కాలువలో గాని, గట్టు మీద గాని పారవేయరాదు. సున్నం చల్లి లోతుగా పూడ్చాలి. పాలను కాచి తాగితే ఈ క్రిములు నశిస్తాయి. మేకపాలు పచ్చివి మంచివనే నమ్మకం సరైనది కాదు.

రైతులు గమనించవలసిన లక్షణాలు

- ఒకే మగ పశువుతో దాటించిన ఆడ పశువులు అనేకం తిరిగి పొర్లడం
- చూడి పశువులు వరుసగా ఈసుకుపోవడం
- ఒక వృషణం పెద్దదిగా గాని, చిన్నదిగా గాని, గట్టిగా గాని ఉండడం
- తొడుగు నుండి చీము, రక్తం కారడం
- వెనుక కాళ్ళు ఎడంగా పెట్టి నడవడం, దాటడానికి వెనుకాడడం
- మూత్రం చుక్కలుగా రావడం లేక ఆగిపోవడం

ఈ లక్షణాలలో ఏ ఒక్కటి కనిపించినా ఆ మగ పశువును సంపర్కానికి వాడడం ఆపి, దగ్గరలోని పశు వైద్యశాలలో చూపించాలి. పరీక్ష ఫలితం వచ్చే వరకు దానితో దాటించిన ఆడ పశువులను కూడా వేరే మగ పశువు వద్దకు తీసుకువెళ్ళరాదు.